రెండు వారాల చిట్టీ

బేగంపేట వైపున్న ఐదు బ్లాకుల ఆఫీసు ప్రాంగణం. సి బ్లాకు అడుగున, తీగలన్నీ వచ్చి చేరే గది. మధ్యాహ్నం రెండు దాటింది. రెండు నెలలుగా అంతస్తులన్నీ తిరిగి తిరిగి నెట్‌వర్క్ ఇంజినీరు యామినికి చెప్పులతో పాటు ఓపిక కూడా అరిగిపోయింది. తీగలు లాగే భద్రయ్య ఆమెకి టీ తెచ్చాడు.

“నలభై ఒకటో పోర్టు సంగతి చెప్పమంటే మీరు టీ సంగతి చెప్తున్నారు, భద్రయ్య గారూ.”

“టీ సల్లారుతున్నది కాబట్టి చెప్పిన మేడమ్. పోర్టు ఏడికి పోతది.”

“నాలుగింటికి పోతుంది. అదే కదా నా బాధ.”

“ఇంకా రెండున్నర సుత కాలే.”

“రెండు నెలల నుంచి ఇదే మాట. కూర్చోండి. మళ్లీ మొదటి నుంచి అడుగుతాను.”

“కూసుంటే లేవనీకి తక్లీఫ్ అయితది. నిలబడే చెప్త.”

“ఐదు బ్లాకులకీ కలిపి తీగ గుచ్చే పోర్టులు రెండు వేల నూట పన్నెండు. అన్నిటికీ పేర్లు దొరికాయి. ఇది రాధిక గారి కంప్యూటరు, ఇది ప్రింటరు, ఇది గేటు దగ్గర కెమెరా. ఈ ఒక్కదానికే పేరు లేదు. దీనికి ఎవరో సొంత వైఫై డబ్బా తగిలించారు. ఫోన్లో వెతికితే దాని పేరు కనపడదు. పేరు కనపడకుండా దాచడం తెలిసినవాళ్లే పెట్టారు.”

“ఉంటే ఉండనీయున్రి. సాయంత్రం మీ కొత్త సిస్టమే బంద్ చేస్తది గదా.”

“బంద్ చేయడానికి నిమిషం చాలు. అది కాదు. మీకు ఎన్నిసార్లు చెప్పాను. ఇన్నాళ్లూ తీగ వేరు, వైఫై వేరు. గోడకి తీగ గుచ్చినవాడికల్లా నెట్ వచ్చేది, నువ్వెవరని అడిగే నాథుడు లేడు. వైఫైకి పాస్‌వర్డు పెడితే అది పాంట్రీ గోడ మీద రాసి పెట్టారు. ఇవాళ నాలుగింటి నుంచి రెండిటికీ ఒకటే గుమ్మం. తీగలో వచ్చినా, గాలిలో వచ్చినా ముందు పేరు చెప్పాలి. పేరుంటే లోపలికి. లేకపోతే లేదు.”

“పెండ్లిల కార్డు చూసి అన్నం పెట్టినట్టు.”

“అలాగే అనుకోండి. కార్డు లేకుండా ఇన్నాళ్లూ ఎవరు తింటున్నారో చెప్పండి.”

“ఆకలున్నోళ్లు తింటరు మేడమ్.”

“భద్రయ్య గారూ.”

“చెప్పున్రి.”

“నవ్వులాట కాదిది. హరికిషన్ గారు పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశారు. ప్రాజెక్టు ఆయనది, పైవాళ్లకి జవాబు ఆయనే చెప్పుకోవాలి. అనుమతి లేని వైఫై దొరికితే, పెట్టినవాళ్ల పేరు రిపోర్టులో ఉండి తీరాలట. ఆ పేరుగలవాళ్లు ఆ సాయంత్రమే గేటు పాసు ఇచ్చేసి ఇంటికి పోవాలి.”

“తెల్సు. సదాశివ సారుకు గట్లనే అయింది గదా.”

“అవును.”

“బి బ్లాక్ల సిగ్నల్ అందుతలేదని పాపం ఇంటికెల్లి డబ్బా తెచ్చి పెట్టుకున్నడు. పదకొండేండ్ల సర్వీసు. పొద్దుగాల దొరికింది, సాయంత్రం సంచి పట్టుకొని పోయిండు. ఆ రిపోర్టు ఎవరు రాసిన్రు మేడమ్?”

“నేనే రాశాను. మీకు తెలిసే అడుగుతున్నారు.”

“గుర్తున్నదా లేదా అని అడిగిన.”

“గుర్తుండకేం. ఎవరు పెట్టారని రాశాను. ఎందుకు పెట్టారని రాయలేదు. ఫారంలో ఆ గడి లేదు. ఆ రాత్రి వాళ్లావిడ నాకు ఫోన్ చేసి ఒక్క మాట కూడా తిట్టలేదు, తెలుసా. ‘ఆయన ఏం చేశాడమ్మా’ అని అడిగింది, అంతే. సరే, అదంతా ఎందుకిప్పుడు. ఆయనకి ఒక రూలు, ఇంకొకరికి ఇంకో రూలు అంటే నేను మళ్లీ ఆవిడ ఫోన్ ఎత్తగలనా? అందుకే ఈ పేరు కావాలి నాకు.”

“మంచిగ చెప్పిన్రు.”

“అయితే చెప్పండి.”

“నా పేరు రాసుకోన్రి.”

“ఏమిటీ?”

“భద్రయ్య, కేబుల్ పని, మౌలాలి. నేనే పెట్టిన. రాసుకొని టీ తాగున్రి.”

“మీరు పెట్టలేదు.”

“ఎందుకు పెట్టలే? తీగ గుంజింది నేనే గదా.”

“ఈ ప్రాంగణంలో తీగలన్నీ మీరే లాగారు. ఆ లెక్కన అన్ని తప్పులూ మీవే. మీది బటన్ల ఫోన్. వైఫై పేరు దాచడం మీకు వచ్చా?”

“నేర్చుకున్న.”

“ఎవరి దగ్గర?”

“ఎవరో ఒకరు నేర్పుతరు మేడమ్. దునియల మంచోళ్లు లేరా.”

“ఎవర్నో వెనకేసుకొస్తున్నారు. ఎల్లమ్మనా? హౌస్‌కీపింగ్ వాళ్లంతా కలిసి పెట్టించారా?”

“ఎల్లమ్మ ఫోన్ల రింగే సక్కగ వినవడది. ఆమెకెందుకు వైఫై.”

“మరి ఎవరు? మీకు ఇంకో ఏడాదిన్నర సర్వీసు ఉంది. ఇరవై మూడేళ్లు పనిచేశారు. ఈ ఉద్యోగం ఉంటేనే మీ ఈఎస్ఐ కార్డు, ఆ కార్డు ఉంటేనే మీ ఆవిడ మోకాలి ఆపరేషను. వచ్చే నెలకి తేదీ ఇచ్చారని మీరే కదా అన్నారు.”

“మోకాలు మోకాలే. పోర్టు పోర్టే.”

“అబ్బ. ఆగండి, ఆయనే మళ్లీ. ఆ, చెప్పండి హరికిషన్ సార్. లేదు సార్, ఇంకా. ఒక మనిషి తనే పెట్టానంటున్నాడు, కానీ నాకు నమ్మకం లేదు. లేదు సార్, అలా రాసి పంపలేను. ఒక గంట ఇవ్వండి. కళ్లతో చూసి రాస్తాను. సరే సార్.”

“రాసి పంపితే ఒడిసిపోతది గదా మేడమ్. ఎందుకింత పరేషాన్.”

“చూడకుండా రాయను. ఆ గది ఎక్కడ? పాత నక్షాలో ఈ తీగ 312కి వెళ్తోంది. మూడో అంతస్తులో 311 ఉంది, 314 ఉంది. 312 లేదు.”

“మొన్న గోడలు జరిపినప్పుడు నంబర్లు మారినయి.”

“నంబరు మారుతుంది, తీగ మారదు కదా. అది ఎక్కడ తేలుతుందో మీకు తెలుసు. పైగా దానికి మీ చిట్టీ కూడా ఉండి ఉండాలి. చిట్టీ లేకుండా ఎండీ గారు నోటితో చెప్పినా మీరు తీగ లాగలేదట కదా.”

“నోటి మాట గాలికి పోతది మేడమ్. రేపు ‘నేనెప్పుడు చెప్పిన’ అంటరు. అందుకే చిట్టీ. ఎవరికి, ఏడ, ఎన్ని రోజులు, కింద సంతకం. ప్లాస్టిక్ కవర్ల వెట్టి ఆ తీగకే కడత. చిట్టీ లేంది తీగ వెయ్య, చిట్టీ లేంది తీగ తియ్య.”

“అయితే ఈ తీగకీ ఒక చిట్టీ ఉంది. దాని మీద ఒక సంతకం ఉంది.”

“టీ మొత్తం సల్లారింది.”

“భద్రయ్య గారూ, పదండి పైకి.”

“లిఫ్టు బంద్ ఉన్నది.”

“మెట్లున్నాయి.”

“కాళ్లు నొస్తున్నయన్నరు పొద్దుగాల.”

“మీకూ నొస్తున్నాయి. పదండి.”

సి బ్లాకు మెట్లు. ఇద్దరిలో ఎవరికీ తొందర లేదు.

“జెర ఆగుదాం మేడమ్. మోకాలు మా ఇంట్ల ఇద్దరికి నొస్తది, కార్డు మీద ఆమె పేరే రాయించిన.”

“ఆగండి. నేనూ ఆగుతాను. నిన్న రాత్రి కూడా నిద్ర లేదు.”

“బాబు సతాయించిండా?”

“అభిరామా? వాడు బంగారం. మొన్ననే మూడు నిండాయి. మా అమ్మ ప్లే స్కూలు నుంచి తీసుకొస్తుంది, అన్నం పెడుతుంది, పడుకోబెడుతుంది. నన్ను చూస్తే ‘అమ్మమ్మా, యామిని వచ్చింది’ అంటాడు. అమ్మ అనడు, పేరు పెట్టి పిలుస్తాడు.”

“పాలు తాగేటప్పుడు సుత మీకు సుక్కలు చూపెట్టిండు గదా.”

“మీకెలా తెలుసు?”

“మీరే చెప్పిన్రు. అప్పట్ల.”

“చెప్పానా. ఏమో, ఆ రోజులు నాకు సరిగ్గా గుర్తు కూడా లేవు. లీవు అయిపోయి వచ్చిన వారానికే డి బ్లాకు పని నెత్తిన పెట్టారు.”

“మీ ఇంటాయన ఎట్లున్నడు? నాగసాయి సారు.”

“ఉద్యోగం పోయి ఐదు నెలలు. రోజూ ఇంటర్వ్యూలే. పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంటారు, కింద లుంగీ. నవ్వొస్తుంది, నవ్వితే ఏమనుకుంటారో అని నవ్వను. ప్రస్తుతానికి ఇంట్లో ఉద్యోగం నాదొక్కటే.”

“గందుకే చెప్తున్న మేడమ్. నా పేరు రాయున్రి. కిందికి పోదాం.”

“దానికీ దీనికీ సంబంధం ఏమిటి?”

“ఏం లేదు. ఊకే అన్న.”

“పదండి. ఇంకో అంతస్తు. కుడివైపా?”

“ఎడమ దిక్కు. పాంట్రీ దాటి, పాత కాగితాల స్టోరు పక్కకెల్లి.”

“ఇటా?”

“ఇటే.”

“ఈ గది నాకు తెలుసు.”

“తెలుస్తది.”

“తలుపు మూసి ఉంది. లోపల గడియ.”

“కొట్టకున్రి మేడమ్. లోపల మనిషి ఉన్నది.”

“భద్రయ్యా, నువ్వేనా బయట? ఇంకో పది నిమిషాలు పడతది.”

“నేనే కల్పలత మేడమ్. నిమ్మలంగ కానియ్యున్రి. ఎవరు రాకుంట చూస్త.”

“అకౌంట్స్‌లో కల్పలతా? లీవు నుంచి వచ్చి నెల కూడా కాలేదు కదా.”

“మెల్లగ మాట్లాడున్రి. ఐదు నెలల పాప. బొల్లారంల ఇల్లు, అత్త చూసుకుంటది. పొద్దుగాల తొమ్మిదింటికొస్తది ఈమె, పోయేసరికి ఏడు. పాలు పిండి సీసాల వెట్టుకొని పోతది.”

“లోపల పాప ఏడుస్తోంది.”

“ఫోన్ల మేడమ్. పాప మొకం కనవడితెనే పాలొస్తయంట. ఈ గది గోడలు పాతకాలంవి, మందం. ఫోన్ సిగ్నల్ రాదు, ఆఫీసు వైఫై సుత రాదు. మీకు తెల్వనిదా.”

“తెలుసు.”

“ఈమె కంటె ముందు రాధిక మేడమ్. ఆమె కంటె ముందు రిసెప్షన్ షెకీనా. షెకీనా కంటె ముందు ఇద్దరు, పేర్లు యాదికి లేవు. ఒకరు ఇంకొకరికి చెప్పుకుంటరు. పొద్దుగాల ఎల్లమ్మ తుడిచి కుర్చీ ఏస్తది. తాళం నా దగ్గర ఉంటది. మగోళ్లకు ఎవ్వరికి తెల్వదు. నేను మగోణ్ని కాదు, తీగల భద్రయ్యను.”

“ఆ ఇద్దరి కంటే ముందు?”

“కిటికీల కెల్లి ఎండ కొడుతున్నది, ఇటు జరగున్రి.”

“భద్రయ్య గారూ. నేను రెండు వారాలే అన్నాను.”

“అన్నరు.”

“తర్వాత తీసేయమని మీకు ఫోన్ కూడా చేశాను.”

“చేసిన్రు. చిట్టీ పంపుత అన్నరు. రాలే.”

“డి బ్లాకు పనిలో పడి మర్చిపోయాను. మీరు తీసేసే ఉంటారనుకున్నాను. ఆ డబ్బా కూడా మా ఇంటిదే. మా నాన్న కొత్తది కొనుక్కుని పాతది నాకిచ్చారు. పేరు కనపడకుండా పెట్టింది నేనే.”

“మంచి డబ్బా మేడమ్. రెండున్నరేండ్లల్ల ఒక్కసారి సుత ఆగలే.”

“రెండు నెలలు నా వెంట ఐదు బ్లాకులూ తిరిగారు. అన్నీ తెలిసి.”

“మీతోని తిరిగితె మిమ్మల్ని ఇటు దిక్కు రాకుంట మలపచ్చు అని తిరిగిన.”

“ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.”

“చెప్తే ఏం చేస్తుండె? అబద్ధం రాస్తుండె, లేకపోతె నౌకరి పోగొట్టుకుంటుండె. మొదటిది మీకు రాదు. రెండోది మీకు పనికి రాదు.”

“అందుకని మీ ఉద్యోగం పోగొట్టుకుంటారా?”

“నాకేముంది మేడమ్. ఎట్లన్న ఏడాదిన్నర. మా ఆమె ఇన్నేండ్లు కుంటుకుంట నడిచింది, ఇంకిన్ని రోజులు నడుస్తది. మీ ఇంట్ల పిలగాడున్నడు.”

“అలా మాట్లాడకండి. నాకు ఏడుపొస్తోంది, ఇక్కడ ఏడిస్తే బాగుండదు.”

“ఏడున్రి. ఈ గది కాడ అందరు ఏడ్చినోళ్లే. మొదటి రోజు మీరు సుత ఏడిస్తిరి. మీటింగుల కూసుంటె చీర తడిసిందని, ఎవరన్న చూసిన్రేమో అని. నేను నిచ్చెన దిగి తాళం చెవి మీ చేతుల వెట్టిన. అప్పుడు కాగితం తీసి మీరే చిట్టీ రాసిన్రు. నేను అడగకముందే.”

“ఎక్కడుంది చిట్టీ?”

“ఈ పై పలక జరిపితె ఉంటది, తలుపు పైన్నే.”

“తీయండి.”

“తీస్త. తీసి చింపేస్త.”

“ఇరవై మూడేళ్లలో ఎన్ని చిట్టీలు చింపారు?”

“ఒక్కటి సుత లేదు.”

“ఇదీ చింపరు. ఇటివ్వండి.”

“దుమ్మున్నది, జెర తుడ్సుకోన్రి.”

“‘సి బ్లాకు మూడో అంతస్తు, కాగితాల స్టోరు పక్క గది. తీగ ఒకటి. రెండు వారాలకు మాత్రమే.’ కింద ఇదేమిటి... ‘బాబు కోసం.’”

“ఎందుకు అనే గడి నా చిట్టీల సుత లేదు మేడమ్. మీరే రాసిన్రు.”

“నాకోసమైతే రాసుకున్నాను. సదాశివ గారిని అడగనన్నా అడగలేదు. ఆగండి, కల్పలత గడియ తీస్తోంది.”

“అయ్యో, యామిని గారా. మీరెందుకొచ్చిన్రు ఇటు? నా పని అయిపోయింది, నేను పోతున్న. జెర ఈ గది సంగతి పైన చెప్పకున్రి. పాపకు ఆరు నెలలు నిండితె ఇగ రాను. ఇంకో నెల చాలు నాకు. రేపు ఉంటదా ఇది?”

“ఉంటుంది కల్పలతా. నువ్వు ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు రా. సీసా జాగ్రత్త, మూత వదులుగా ఉంది.”

“థాంక్స్ అండి. భద్రయ్యా, తాళం ఏసుకో.”

“ఆమెకు ఉంటదని చెప్పిన్రు. నాలుగింటికి బంద్ అయితది గదా మేడమ్.”

“ఈ డబ్బా ఆగిపోతుంది. ఆగాలి కూడా. స్టోరులో ఆఫీసు వైఫై పెట్టె ఒకటి మిగిలింది, అది ఈ గదిలో బిగించండి. ఇదే తీగ, కొత్త గుమ్మం. కల్పలత తన పేరుతోనే లోపలికి వస్తుంది, ఎవరి చాటునా రానక్కర్లేదు. నాలుగింటి దాకా ఆ మాట చెప్పే అధికారం నాకుంది. ఎంత సేపు పడుతుంది?”

“పది నిమిషాలు. చిట్టీ?”

“కాగితం ఇవ్వండి. రాస్తున్నాను. గది, తీగ, పెట్టె ఒకటి.”

“ఎన్ని రోజులు?”

“అది ఖాళీగా ఉంచండి.”

“ఖాళీ ఉంటె నా దగ్గర చెల్లది.”

“అయితే ‘ఎప్పటికీ’ అని రాస్తున్నాను. ‘తల్లుల గది’ అని కూడా రాస్తున్నాను కింద. సంతకం ఇదిగో. దీన్ని కవర్లో పెట్టి కట్టండి.”

“కడత. మరి ఆ పాత చిట్టీ ఇటియ్యున్రి మేడమ్. అదిగో, ఫోన్ మోగుతున్నది. హరికిషన్ సారే గావచ్చు. నా పేరు చెప్పున్రి, మీకు దండం పెడత. మౌలాలి భద్రయ్య అనున్రి, అంతే.”

“టైమెంత?”

“పావు తక్కువ నాలుగు.”

“మా అమ్మకి చెప్పాలి, ఇవాళ ప్లే స్కూలుకి నేనే వెళ్తానని. ఆ, సార్, చెప్పండి. దొరికింది సార్, చూశాను. లేదు, ఇందాక చెప్పిన మనిషి కాదు, ఆయన చిట్టీ లేకుండా తీగ ముట్టుకోడు. ఆ చిట్టీ నా చేతిలోనే ఉంది. ఎందుకు పెట్టారో ముందు రాసుకోండి సార్, పేరు తర్వాత చెప్తాను. గడి లేకపోతే పక్కన రాయండి. ‘బాబు కోసం.’ రాశారా? ఇప్పుడు పేరు. యామిని. అవును సార్, యామినే. మన ప్రాజెక్టులో ఇంకో యామిని లేదు సార్, నేనే.”